సౌత్ డల్లాస్ చర్చి హాల్లో ఫ్లూ షాట్: నాలుగున్నర స్టార్లు

నాలుగున్నర ఇస్తున్నాను. పోయిన అర స్టారులో సగం పార్కింగ్‌ది, సగం మేం వెళ్లేసరికి అయిపోయిన మందుది. రెండూ చెప్తాను, కాస్త ఓపిక పట్టండి, ఇది పెద్ద రివ్యూ.

ఇది సౌత్ డల్లాస్‌లో, ఫెయిర్ పార్క్ దగ్గర ఒక చర్చి వాళ్లు అక్టోబరు శనివారాల్లో పెట్టే ఉచిత ఫ్లూ షాట్ క్యాంపు గురించి. చర్చి పేరు కావాలనే రాయట్లేదు. చుట్టుపక్కల నాలుగు వీధుల వాళ్ల కోసం వాళ్లు పెట్టుకున్న క్యాంపది. నా రివ్యూ చూసి డబ్బున్న శివారు ఫ్రిస్కో నుంచి ఇరవై టెస్లాలు బారులు తీరితే నాకే సిగ్గు. మరి నువ్వెందుకు వెళ్లావమ్మా అంటారా, అక్కడికే వస్తున్నా.

మా నాన్నకి 71. తెనాలి దగ్గర హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు, పదిహేనేళ్లుగా షుగరుంది. కిందటి సెప్టెంబరులో విజిటర్ వీసా మీద ఇర్వింగ్‌లో మా ఇంటికొచ్చారు, మార్చిలో తిరుగు ప్రయాణం. అంటే ఫ్లూ సీజను మొత్తం ఇక్కడే. విజిటర్ ఇన్సూరెన్సు తీసుకున్నాం కానీ ఆ పాలసీ కాగితాల్లో చిన్నక్షరాల్లో ఉంది, టీకాల ఖర్చు మాది కాదని. ఫ్లూ వచ్చి ఆసుపత్రిలో పడితే ఎంతో కొంత ఇస్తారట, రాకుండా సూది వేయించుకుంటే మాత్రం పైసా ఇవ్వరట. ఈ లెక్క ఎవరు కట్టారో గానీ లెక్కల మేష్టారైన మా నాన్నకి కూడా అర్థం కాలేదు.

సరేనని ఇంటి దగ్గరి ఫార్మసీకి తీసుకెళ్లాను. పెద్ద చైనే, మావారు ఏటా వేయించుకునేది అక్కడే. కౌంటర్లో కుర్రాడు ఇన్సూరెన్స్ కార్డు అడిగాడు. లేదన్నాను. మెడికేర్, అంటే 65 దాటినవాళ్లకి ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్సు, ఉందా అన్నాడు. విజిటర్ అన్నాను. అయితే కార్డు ఏమీ లేదా అని మళ్లీ అడిగాడు, ఈసారి కొంచెం గట్టిగా, వెనక నిలబడ్డ నలుగురికీ వినపడేలా. 65 దాటినవాళ్లకి మామూలు డోసు కాకుండా ఎక్కువ పవరుది వేస్తారు, మామూలు దానికి నాలుగు రెట్లు మందు ఉంటుంది అందులో. 65 దాటినవాళ్లకి అదో, అలాంటి మరో రెండు రకాల్లో ఒకటో అయితే మేలని 2022 నుంచి ఇక్కడి ప్రభుత్వ రోగ నియంత్రణ సంస్థ సీడీసీ వాళ్లే చెప్తున్నారు. చేతి నుంచి కడితే దాని ధర వంద డాలర్లకి దగ్గర్లో చెప్పాడు. కట్టలేక కాదు, కడదామనే క్రెడిట్ కార్డు తీశాను. కానీ నాన్న అప్పటికే కుర్చీలోంచి లేచి చొక్కా చెయ్యి కిందికి దించేసుకున్నారు. "ఎనిమిది వేల పైన పెట్టి సూదేంటమ్మా, డెబ్భై ఏళ్లు ఇది లేకుండానే బతికాగా, పద" అన్నారు. ఆయన పద అంటే ఇక పదడమే.

ఆ ఫార్మసీకి రెండు స్టార్లు. సూది వేయడంలో వంక లేదు, మనిషిని నిలబెట్టి కార్డు అడిగే పద్ధతికి మూడు కోసేశాను.

ఇప్పుడు మా ఆఫీసు సంగతి చెప్పాలి, లేకపోతే చర్చి సంగతి అర్థం కాదు. మా కంపెనీలో ఏటా సెప్టెంబరు చివర్లో కింద లాబీలోనే ఫ్లూ షాట్లు వేయిస్తారు. ఇద్దరు నర్సులు, రెండు మడత టేబుళ్లు, పక్కన ఒక తెర. లిఫ్టు దిగి, బ్యాడ్జి చూపించి, చెయ్యి చాపి, స్టిక్కరు అంటించుకుని, ఐదు డాలర్ల కాఫీ కార్డు పట్టుకుని పైకొచ్చేయడమే. మొత్తం ఆరు నిమిషాలు. ఆరేళ్లుగా వేయించుకుంటున్నాను, అందులో గొప్పేమీ లేదు, సూది నా దగ్గరికే వచ్చింది, నేను లిఫ్టు దిగానంతే.

ఆ లాబీలోనే ముందు డెస్కులో ఒక పెద్దావిడ కూర్చుంటారు. నల్లజాతి ఆవిడ, రిటైర్మెంటుకి దగ్గరపడ్డారు, మా పిల్లల పేర్లు, వాళ్ల స్కూలు సెలవులు కూడా గుర్తుంటాయి ఆవిడకి. ఆ నర్సులకి విజిటర్ బ్యాడ్జీలు ప్రింటు చేసి ఇచ్చేది ఆవిడే. ఈసారి సూది వేయించుకుని వస్తూ మాటవరసకి అడిగాను, మీరు వేయించుకున్నారా అని. ఆవిడ మెడలో బ్యాడ్జి ఎత్తి చూపించి నవ్వారు. మాది నీలం రంగు, ఆవిడది బూడిద రంగు. కాంట్రాక్టు మనిషి. సెక్యూరిటీ, క్లీనింగు, క్యాంటీను అంతా బూడిద రంగే. లాబీలో సూదులు నీలం రంగు వాళ్లకి మాత్రమే. ఆవిడ కుర్చీకీ ఆ తెరకీ మధ్య పదడుగులు ఉంటుందేమో. ఆరేళ్లలో నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

మా ఫ్లోర్లలో సగం మంది మనవాళ్లు, మిగతా వాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు. బూడిద బ్యాడ్జీల్లో దాదాపు అందరూ నల్లజాతివాళ్లు, హిస్పానిక్‌లు, అంటే మెక్సికో లాంటి స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లు. ఇప్పుడు సీడీసీ 2022 అక్టోబరులో ఇచ్చిన లెక్కలు చూడండి. 2021-22 సీజన్లో ఫ్లూ టీకా వేయించుకున్న పెద్దవాళ్లు తెల్లవాళ్లలో 54 శాతం, ఏషియన్లలో కూడా 54. నేటివ్ అమెరికన్లలో 41, నల్లజాతివాళ్లలో 42, హిస్పానిక్‌లలో 38. నేను ఈ అంకెల్ని మొదట చదివినప్పుడు మనవాళ్ల 54 చూసి కొంచెం గర్వపడ్డ మాట నిజం. ఆ బూడిద బ్యాడ్జి చూశాక అదే అంకె మా లాబీలాగా కనపడింది.

అదే రిపోర్టులో ఇంకో లెక్క ఉంది. 2009 నుంచి 2022 దాకా తీసుకుంటే, ఫ్లూతో ఆసుపత్రిలో చేరడం తెల్లవాళ్ల కంటే నల్లజాతివాళ్లలో దాదాపు 80 శాతం ఎక్కువ, నేటివ్ అమెరికన్లలో 30, హిస్పానిక్‌లలో 20 శాతం ఎక్కువ. అంటే ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువ అందుతోంది. ఇన్సూరెన్సు లేకపోవడం ఒక కారణం. మా టెక్సస్ అయితే ఇన్సూరెన్సు లేనివాళ్ల శాతంలో దేశంలోనే మొదటి స్థానం, పేదవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్సు మెడికెయిడ్‌ని ఇంకా ఎక్కువమందికి పెంచని కొద్ది రాష్ట్రాల్లో ఇదొకటి. కానీ నాకు మింగుడుపడనిది వేరే ఉంది. ఇన్సూరెన్సు ఉండి, సొంత డాక్టరు ఉండి, ఏడాదిలో ఒకసారి చెకప్‌కి వెళ్లొచ్చిన వాళ్లని మాత్రమే తీసుకుని చూసినా ఆ తేడా పూర్తిగా పోవట్లేదు. అంటే డాక్టరు గదిలోకి వెళ్లాక కూడా ఏదో జరుగుతోంది, లేదా జరగాల్సింది జరగట్లేదు.

ఆ పెద్దావిడే రెండు రోజులకి నన్ను ఆపి అడిగారు, మీ నాన్నగారు వేయించుకున్నారా అని. ఫార్మసీ కథంతా చెప్పాను. "శనివారం మా చర్చికి తీసుకురా, కార్డూ గీర్డూ ఎవరూ అడగరు" అన్నారు. ఇంగ్లిష్‌లోనే అనుకోండి, కానీ ఆవిడ అన్న తీరుకి నాకు గీర్డూ అనే వినపడింది.

ఇక పార్కింగ్. మేం వెళ్లిన శనివారమే ఫెయిర్ పార్క్ కాటన్ బౌల్ స్టేడియంలో టెక్సస్, ఓక్లహోమా యూనివర్సిటీల ఫుట్‌బాల్ మ్యాచ్. పైగా స్టేట్ ఫెయిర్, అంటే రాష్ట్రానికంతటికీ పెద్ద తిరునాళ్ల, నడుస్తోంది. ఇది డల్లాస్‌లో ఉండేవాళ్లు ఎవరైనా ముందే చూసుకోవాలి, నేను చూసుకోలేదు, నా తప్పే. హైవే దిగిన దగ్గర్నుంచీ కారు పాకింది. వీధుల్లో ఇళ్లవాళ్లు అట్టముక్కల మీద ధర రాసి వాళ్ల పచ్చిక మీద పార్కింగ్ అమ్ముతున్నారు, నలభై డాలర్లని ఒకచోట, యాభై అని ఒకచోట. ఉచిత సూదికి నలభై డాలర్ల పార్కింగా అని నాన్న ముందు సీట్లోంచి లెక్క కట్టడం మొదలుపెట్టారు. చివరికి చర్చికి రెండు వీధుల అవతల ఖాళీ స్థలంలో పెట్టుకోమని ఒకాయన దారి చూపించాడు, డబ్బు తీసుకోలేదు. కానీ అక్కణ్నుంచి నడక. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కష్టం. దూరంగా స్టేట్ ఫెయిర్‌లో ఆ యాభై ఐదడుగుల బిగ్ టెక్స్ బొమ్మ టోపీ పెట్టుకుని చెయ్యి ఊపుతుంటుంది కదా, దాని గురించి చెప్తూ నాన్నని నడిపించాను. "మన వినాయకుణ్నయితే చివర్లో నీళ్లలో కలిపేస్తాం, వీళ్లు ఏం చేస్తారు" అని అడిగారు. దాచిపెట్టి మళ్లీ ఏడాది నిలబెడతారని చెప్తే, పొదుపరులే అన్నారు.

ఇక్కడో మాట. ముందు రోజు, నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే సౌత్ డల్లాస్ వెళ్తున్నానంటే మా ఫ్రెండ్ ఒకతి "ఆ ఏరియాకా? పగటిపూటే వెళ్లి వచ్చెయ్యి" అంది. మనిళ్లలో ఆ "ఆ ఏరియా" అనే మాట ఎలా వాడతామో మీకందరికీ తెలుసు, నేనూ వాడినదాన్నే. ఆ ఏరియాలో నేను చూసింది ఏంటంటే, హైవే దిగి చర్చి చేరేదాకా ఆ పాకుడు ప్రయాణంలో నాకు ఒక్క ఫార్మసీ బోర్డు కనపడలేదు. మా ఇంటి నుంచి హైవే ఎక్కేలోపు మూడు తగుల్తాయి. ఇది ఒక్క డల్లాస్ గొడవ కాదు. దేశంలో 30 పెద్ద నగరాల్లో 2007 నుంచి 2015 దాకా లెక్కలు తీసి 2021లో ఒక పరిశోధన వేశారు, నల్లజాతి, హిస్పానిక్ వాడల్లో ఫార్మసీలు మిగతా వాడల కంటే తక్కువున్నాయని. తర్వాత చైన్లు దుకాణాలు మూసుకుంటూ పోవడం మనం చూస్తూనే ఉన్నాం. సూది ఉచితమని పోస్టరు అంటించడం తేలికే, అది వేసే కొట్టుకి రెండు బస్సులు మారి వెళ్లాలంటే ఎవరెళ్తారు, గంటకింతని జీతం తీసుకునేవాళ్లు?

హాలు లోపలికి వెళ్దాం. మన కల్యాణ మండపం భోజనాల హాలు లాంటిదే, అవే మడత కుర్చీలు, ఒక మూల పెద్ద కాఫీ డ్రమ్ము, పక్కన పౌండ్ కేకు ముక్కలు. గుమ్మం దగ్గర ఇద్దరు. ఒకావిడ ఇంగ్లిష్, ఒకావిడ స్పానిష్. ఆ స్పానిష్ ఆవిడని వాళ్లు ప్రొమోటోరా అంటారు, అంటే ఆ పేటలోనే ఉంటూ ఇల్లిల్లూ తిరిగి ఆరోగ్య సంగతులు చెప్పే మనిషి. మన ఆశా వర్కర్ అనుకోండి. మా ముందు ఒక మెక్సికన్ కుటుంబం ఉంది, భార్యా భర్తా ఇద్దరు పిల్లలు. ఆయన లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి ఏదో అడిగాడు. ఆవిడ రెండు చేతులూ అడ్డంగా ఊపి ఏదో చెప్పింది. నాకు స్పానిష్ రాదు గానీ ఐడీ గురించి అని అర్థమైంది, ఆ తర్వాతే ఆయన టోపీ తీసి లోపలికొచ్చాడు. వీసా మీద బతికేవాళ్లకి ఆ గుమ్మం దగ్గర ఆగడమేంటో వేరే చెప్పాలా? గ్రీన్ కార్డు ఫైలు నడుస్తుంటే ఏ ప్రభుత్వ కౌంటర్లో పేరు రాసినా ఏమవుతుందోనని మనమూ ఆగుతాం.

ఫారం ఒక్క పేజీ. రాష్ట్రం టీకాల రిజిస్ట్రీలో పేరు ఎక్కించాలా వద్దా అని కూడా అడిగారు, మా టెక్సస్‌లో మనం ఒప్పుకుంటేనే ఎక్కిస్తారు. అందులో జాతి గడి ఉంది. నాన్న కళ్లజోడు సర్దుకుని "అమెరికన్ ఇండియన్" అన్న గడిలో టిక్కు పెట్టేయబోయారు. అమెరికాలో ఉన్నా, ఇండియన్నే కదా, తప్పేముందని ఆయన వాదన. పక్కనే ఉన్న వాలంటీరు పగలబడి నవ్వి, కాదు తాతగారూ, మీరు కింది గడి అని చూపించింది. నవ్వాను గానీ ఆ గడి నేటివ్ అమెరికన్లది, దాని వెనక కథ నవ్వులాట కాదు. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు 12 రాష్ట్రాల్లో లెక్క తీస్తే నేటివ్ అమెరికన్లలో మరణాల రేటు మిగతా వాళ్లందరికంటే నాలుగు రెట్లుంది. మనం టిక్కు పెట్టే "ఏషియన్" గడి కూడా అంత నమ్మదగ్గదేం కాదనుకోండి, అందులో మా ఆఫీసు మేనేజరూ ఉంటాడు, నెయిల్ సెలూన్లో పదిగంటలు నిలబడే వియత్నాం అమ్మాయీ ఉంటుంది, టీకాకి పనికొచ్చే ఇన్సూరెన్సు లేని మా నాన్నా ఉంటారు. అందరికీ కలిపి 54.

సూది వేసిన నర్సు దగ్గర ఎంతసేపు కూర్చున్నామో చెప్తే నమ్మరు, పన్నెండు నిమిషాలు. ఆవిడ పగలు పెద్దాసుపత్రిలో పనిచేసి శనివారాలు ఇక్కడికొస్తుందట. టేబులు పక్కన నీలం ఐస్‌పెట్టె, దాని మూత మీద చిన్న డిజిటల్ థర్మామీటరు, 4 డిగ్రీలు చూపిస్తోంది. రెండుకీ ఎనిమిదికీ మధ్యే ఉండాలట, అరగంటకోసారి కాగితం మీద రాస్తున్నారు. నాన్నకి ఆ కాగితం నచ్చింది, రిజిస్టరు రాసేవాళ్లంటే ఆయనకి అభిమానం. ముందు పేరు సరిగ్గా పలకడం నేర్చుకుంది, మూడుసార్లు ప్రయత్నించి నాలుగోసారి పలికింది. ఏం చేసేవారు అని అడిగింది. స్కూల్ ప్రిన్సిపల్ అన్నాను. అయితే సరిగ్గా కూర్చోవాలి నేను, అని నడుం నిటారు చేసి కూర్చుంది.

నాన్న తన అనుమానాలు ఒక్కొక్కటే తీశారు, నేను తర్జుమా చేశాను. సూది వేయించుకుంటే జ్వరం వస్తుందటగా? ఈ సూదిలో బతికున్న వైరసు లేదు కాబట్టి దీనివల్ల ఫ్లూ రాదు, చెయ్యి నొప్పి, ఒక రోజు ఒళ్లు వెచ్చబడటం ఉండొచ్చు అంది. గుడ్డు పడనివాళ్లకి వద్దంటారుగా? నాన్నకి గుడ్డు పడకపోవడం కాదు, ఆయన తినరు, అది వేరే విషయం. పడనివాళ్లకి కూడా ప్రత్యేకంగా జాగ్రత్తలు అక్కర్లేదని 2023లోనే మార్చారట. వేయించుకుంటే ఇక ఫ్లూ రానే రాదా? ఇక్కడ ఆవిడ అబద్ధం చెప్పలేదు. మందు ఆ ఏడాది వైరసుకి బాగా సరిపోయినప్పుడు కూడా డాక్టరు దగ్గరికి పరిగెత్తే అవసరాన్ని నలభై నుంచి అరవై శాతం తగ్గిస్తుంది, వచ్చినా ఆసుపత్రి దాకా పోకుండా కాపాడే అవకాశం ఎక్కువ, షుగరున్నవాళ్లకి కావాల్సింది అదే అంది. పని చెయ్యడం మొదలవడానికి రెండు వారాలు పడుతుందని కూడా చెప్పింది. నాన్న తల ఊపారు. ఏ డాక్టరైనా నూటికి నూరు అని ఉంటే ఆయన లేచిపోయేవారు, నాకు తెలుసు.

అప్పుడు వచ్చింది అసలు చిక్కు. ఎక్కువ పవరుది అయిపోయింది. వాళ్లకి వచ్చినవే కొన్ని, పొద్దున పదకొండుకల్లా ముగిశాయి, మేం పదకొండున్నరకి చేరాం. నర్సు ముఖం చిన్నబుచ్చుకుని, మామూలుది వేయనా, వచ్చే వారం వస్తారా, నన్నడిగితే ఏదుంటే అది ఇవాళే వేయించుకోవడం మేలు అంది. నాన్న మామూలుదే వేయించుకున్నారు. మా ఇంటి దగ్గర ఫార్మసీ ఫ్రిజ్ నిండా ఆ పెద్ద డోసు ఉంది, వంద డాలర్లు. ఇక్కడ 65 దాటినవాళ్లు లైన్లో ఉన్నారు, మందు లేదు. మెడికేర్ ఉన్న ముసలివాళ్ల లెక్కలు తీసిన పరిశోధనల్లోనూ ఇదే తేలింది, టీకా వేయించుకున్నవాళ్లలోనే చూసినా పెద్ద డోసు తెల్లవాళ్లకి అందినంతగా నల్లజాతి, హిస్పానిక్, ఏషియన్ వృద్ధులకి అందలేదని. వేయించుకోవడానికి జంకుతున్నారు, నమ్మకం లేదు అంటూ టీవీలో చెప్తారే, నా కళ్లముందు లైన్లో నిలబడ్డవాళ్లకి నమ్మకం లేకనా? దీనికి పావు స్టారు కోసింది చర్చి వాళ్ల మీద కోపంతో కాదు, పంపినవాళ్ల మీద. కానీ వాళ్లకి రివ్యూ రాయడానికి ఎక్కడా పేజీ లేదు కదా.

సూది సంగతి రెండు సెకన్లు. జబ్బ మీద దూది, చురుక్కు, అయిపోయిందా అని నాన్న.

పదిహేను నిమిషాలు కూర్చోమన్నారు. మా ముందు డెస్కు ఆవిడ కాఫీ తెచ్చిచ్చి పక్కన కూర్చున్నారు. ఈ క్యాంపు పెట్టిన మొదటి ఏడాది నుంచీ కాఫీ డ్యూటీ ఆవిడదే. మొదటి రెండేళ్లు తను మాత్రం వేయించుకోలేదని చెప్పారు! నేను అతితెలివితో టస్కెగీ వల్లనా అన్నాను. చదివాను కదా, 1932 నుంచి 1972 దాకా అలబామాలో దాదాపు 600 మంది నల్లజాతి మగవాళ్లని పెట్టుకుని, సిఫిలిస్ ఉన్నవాళ్లకి మందు వచ్చాక కూడా ఇవ్వకుండా ప్రభుత్వ ఆరోగ్య శాఖే చూస్తూ కూర్చున్న కథ, 1997లో క్లింటన్ క్షమాపణ చెప్పడం అదీ. ఆవిడ కాసేపు నా వంక చూశారు. అందరూ అదే అడుగుతారు, అది నిజమే, మర్చిపోం, కానీ నేను మానేసింది దానివల్ల కాదు అన్నారు. చాలా ఏళ్ల కిందట ఒక క్లినిక్‌లో వేయించుకున్నారట, రాత్రికి చెయ్యి వాచి ఒళ్లు కాలిపోయింది, మూడుసార్లు ఫోన్ చేస్తే తిరిగి ఎవరూ చెయ్యలేదు. నాలుగోసారి చెయ్యలేదు ఆవిడ, అంతే. ఆ తర్వాత పదేళ్లు ఏ డాక్టరూ మళ్లీ అడగలేదు కూడా, ఆవిడ కాగితాల్లో వద్దన్నారు అని రాసుకుని ఉంటారు. ఇక్కడ ఈ నర్సు మాత్రం ఏటా కాఫీ తీసుకుంటూ, ఇవాళ వేయించుకుంటారా అని అడిగేదట, వద్దంటే సరే అనేది, వాదన లేదు, లెక్చరు లేదు. మూడో ఏడాది అడిగినప్పుడు, చెయ్యి వాస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి అని ఆవిడ అడిగారు. నర్సు తన సొంత నంబరు కాగితం మీద రాసిచ్చింది. చేశారా మరి అంటే, చెయ్యాల్సిన అవసరం రాలేదు, కానీ కాగితం ఇంకా పర్సులో ఉంది అన్నారు.

ఇది తర్జుమా చేసి చెప్తే నాన్న, "పల్స్ పోలియోలో మేం చేసిందీ అదేనమ్మా" అన్నారు. ఆదివారం బడి తెరిచి, చుక్కల మందు పెట్టుకుని కూర్చునేవాళ్లు. రానివాళ్ల ఇళ్లకి మర్నాడు వెళ్లాల్సొచ్చేది. కొత్త మేష్టార్ని పంపితే తలుపు తీసేవాళ్లు కాదట, ఏ వీధికి ఆ వీధిలో పుట్టి పెరిగిన మనిషిని పంపితే, అదే తల్లి పిల్లాణ్ని చంకనేసుకుని బయటికొచ్చేది. ఇండియాలో మందు గుమ్మం దాకా వచ్చేది ఎక్కువగా పిల్లలకేలెండి. పెద్దవాళ్లకి ఫ్లూ టీకా అనేది అక్కడ ఎవరూ అడగరు, ప్రైవేటు ఆసుపత్రిలో డబ్బు కట్టి వేయించుకునే కొద్దిమంది తప్ప. అందుకే మనవాళ్లు ఇక్కడికొచ్చాక కూడా ఏటా వేయించుకోవాలంటే, చిన్నప్పుడు వేయించారుగా అంటారు. ఆరు నెలలు నిండిన ప్రతి ఒక్కరూ ఏటా వేయించుకోవాలని ఇక్కడ చెప్పడం మొదలైందే 2010లో. వైరసు వేషం మారుస్తుంటుంది, మందూ మారాలి.

చర్చిల్లోనే కాదు, మంగలి షాపుల్లో కూడా ఈ పద్ధతి నడుస్తుందని అక్కడ విన్నాను. తర్వాత వెతికితే నిజమే, లాస్ ఏంజెలెస్‌లో 52 నల్లజాతి మంగలి షాపుల్లో ఫార్మసిస్టుల్ని కూర్చోబెట్టి బీపీ తగ్గించారు, 2018లో వచ్చింది ఆ పరిశోధన. పై బీపీ సగటున 27 పాయింట్లు పడింది, ఫార్మసిస్టులు లేని షాపుల్లో 9. జుట్టు కత్తిరించేవాడికి చెప్పినంత నిజం మనం డాక్టరుకి చెప్తామా, చెప్పండి.

సోమవారం ఆఫీసుకెళ్లి హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాను, వచ్చే ఏడాది లాబీలో బూడిద బ్యాడ్జీల వాళ్లకి కూడా వేయించమని. వెండర్ కాంట్రాక్టులో లేదని రెండు లైన్ల జవాబొచ్చింది. కాంట్రాక్టు మార్చడానికి ఎవర్ని అడగాలి అని మళ్లీ పెట్టాను. ఇంకా చూస్తున్నా. మా ఫ్లోర్లో నలుగురు సంతకం పెట్టారు, అందులో ఇద్దరు తెలుగువాళ్లే, మిగతావాళ్లు మనకెందుకండీ అన్నారు. క్లీనింగ్ ఆయన దగ్గితే ఆ గాలి మన ఫ్లోరుకి రాదా అంటే నవ్వారు. 2024-25 సీజన్లో ఈ దేశంలో ఫ్లూతో పోయిన పిల్లలు దాదాపు 280 మంది. పిల్లలున్న ఇంటికి ఫ్లూ బ్యాడ్జి రంగు చూసి వస్తుందా.

వెళ్లాలనుకునేవాళ్లకి, అంటే నిజంగా ఇన్సూరెన్సు లేని అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లకి మాత్రమే చెప్తున్నా: మీ దగ్గర్లో కౌంటీ వాళ్లవో, చర్చి వాళ్లవో ఇలాంటివి ఉంటాయి, ముందు ఫోన్ చేసి 65 దాటినవాళ్ల డోసు ఉందా అని అడగండి. తొమ్మిదింటికి తెరిస్తే తొమ్మిదింటికే వెళ్లండి. ఫుట్‌బాల్ మ్యాచ్ ఏ రోజో చూసుకోండి. విరాళాల డబ్బా గుమ్మం పక్కనే ఉంటుంది, ఎవరూ చూపించరు, మీరే చూసి వెయ్యండి. నాన్న ఇరవై డాలర్ల నోటు నాలుగు మడతలు పెట్టి వేశారు, ఎవరైనా చూస్తారేమోనని అటూ ఇటూ చూసి మరీ. ఇంకోటి, షుగరున్నవాళ్లని కాఫీ టేబులు వైపు కుర్చీలో కూర్చోబెట్టకండి. ఆ పదిహేను నిమిషాల్లో నేను కబుర్లలో పడి చూసుకోలేదు, నాన్న పౌండ్ కేకు రెండు ముక్కలు లాగించేశారు. అడిగితే, సూది తర్వాత తినాలేమో, అందుకే కూర్చోమన్నారనుకున్నా అన్నారు.